గ్రాఫిక్స్ కార్డు డబ్బా మీద రెండు పేర్లు ఎందుకు?

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి, అదే అందరూ సీటీసీ అనే చోటికి, కంప్యూటర్ తెర మీద బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు కోసం మొదటిసారి వెళ్లినవాళ్లకు ఒక చిక్కు ఎదురవుతుంది. 'ఆర్‌టీఎక్స్ 5070 ఎంత?' అని ఎన్విడియా మోడల్ ఒకదాని పేరు చెప్పి అడిగితే షాపతను సూటిగా ధర చెప్పడు. 'జొటాకా, ఆసుసా, ఎంఎస్ఐయా, గిగాబైటా? ఓసీ కావాలా, మామూలుదా? రెండు ఫ్యాన్లదా, మూడు ఫ్యాన్లదా?' అని ఎదురు ప్రశ్నలు వేస్తాడు. ఓసీ అంటే ఫ్యాక్టరీలోనే వేగం కాస్త పెంచిన కార్డు. నాలుగు షాపులు తిరిగేసరికి చేతిలో నాలుగు కొటేషన్ చీటీలు ఉంటాయి. అన్నింటి మీదా 5070 అనే రాసి ఉంటుంది, ధరలు మాత్రం వేలల్లో తేడా. అసలు టెన్షన్ ఇంటికొచ్చాక మొదలవుతుంది. కార్డు ఎన్విడియాది అయితే మధ్యలో ఈ జొటాక్ ఎవరు? ఎన్విడియా సొంతంగా అమ్మేది ఒరిజినల్, మిగతావి లోకలా?

ఈ అనుమానం ఊరికే పుట్టలేదు. బండికి బ్రేక్ ప్యాడ్లు మార్చేటప్పుడు 'కంపెనీవి వెయ్యాలా, బయటివి వెయ్యాలా' అని మెకానిక్ అడగడం మనకు అలవాటే. కంపెనీవి మన్నుతాయి, బయటివి చవక అనే లెక్క చిన్నప్పటి నుంచీ ఒంటబట్టి ఉంటుంది. గ్రాఫిక్స్ కార్డుల దగ్గర ఆ లెక్క పనిచెయ్యదు. ఇక్కడ బయటివాడి కార్డులో ఉండేదీ కంపెనీ చిప్పే. చాలాసార్లు అదే చల్లగా, చప్పుడు లేకుండా నడుస్తుంది కూడా. అలాగని కంపెనీ కార్డు దండగేమీ కాదు. కాకపోతే దాన్ని ఎంచుకోవడానికి ఉన్న కారణాలు వేరు.

చిప్పు ఒకరిది, కార్డు ఇంకొకరిది

గ్రాఫిక్స్ కార్డు మన చేతికొచ్చేలోపు కనీసం మూడు చేతులు మారుతుంది. మొదటిది చిప్పు డిజైన్ చేసే కంపెనీ. ఎన్విడియా, ఏఎండీ, ఇంటెల్ ఈ కోవలోకి వస్తాయి. ఎన్విడియాకీ ఏఎండీకీ హైదరాబాద్‌లోనే ఇంజినీరింగ్ ఆఫీసులున్నాయి కాబట్టి, మీ కంప్యూటర్‌లోని చిప్పు తయారీలో చెయ్యి పెట్టినవాళ్లు మీ అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌లోనే ఎదురుపడుతున్నా ఆశ్చర్యం లేదు. రెండోది ఆ డిజైన్‌ని సిలికాన్ మీద అచ్చువేసే ఫ్యాక్టరీ. ఎన్విడియాకైనా ఏఎండీకైనా సొంత ఫ్యాక్టరీలు లేవు. ఇప్పటి కార్డుల చిప్పులు ఎక్కువగా తైవాన్‌లోని టీఎస్ఎంసీ చేసిపెడుతుంది. 2020లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 30 సిరీస్ గేమింగ్ చిప్పుల్ని మాత్రం ఎన్విడియా శామ్‌సంగ్ చేత చేయించింది.

మూడో చేయి కార్డు తయారీదారుది. ఆసుస్, ఎంఎస్ఐ, గిగాబైట్, జొటాక్, ఇన్నో3డీ, గాలక్స్, సఫైర్, పవర్‌కలర్, ఎక్స్‌ఎఫ్‌ఎక్స్, ఏఎస్‌రాక్ లాంటి పేర్లన్నీ ఇక్కడివి. వీళ్లు చిప్పు తెచ్చుకుని, దాన్ని సర్క్యూట్ బోర్డు మీద ఎక్కించి, చుట్టూ మెమరీ బిగించి, కరెంటు సరఫరా చేసే భాగాలు పెట్టి, పైన వేడిని లాగే లోహపు హీట్‌సింక్, ఫ్యాన్లు అమర్చి, డబ్బాలో పెట్టి, వారంటీ ఇచ్చి అమ్ముతారు. వ్యాపార భాషలో వీళ్లని పార్ట్‌నర్లు అంటారు. వీళ్లలో కొందరు ఒకే చిప్పు కంపెనీకి కట్టుబడి ఉంటారు. సఫైర్, పవర్‌కలర్ అంటే ఏఎండీయే. జొటాక్, గాలక్స్, ఇన్నో3డీ అంటే ఎన్విడియాయే. ఆసుస్, గిగాబైట్ రెండు వైపులా ఉంటాయి. వేర్వేరుగా కనిపించే పేర్లన్నీ వేర్వేరు యజమానులవి కావు. జొటాక్, ఇన్నో3డీ రెండూ పీసీ పార్ట్‌నర్ అనే ఒకే గ్రూపువి.

మరి 'కంపెనీ కార్డు' ఏది? చిప్పు డిజైన్ చేసిన కంపెనీయే తన పేరు మీద పూర్తి కార్డు అమ్మితే అది. ఎన్విడియా దాన్ని ఫౌండర్స్ ఎడిషన్ అంటుంది. ఏఎండీది మేడ్ బై ఏఎండీ, పొట్టిగా ఎంబీఏ. ఇంటెల్ ఆర్క్ కార్డుల్లో లిమిటెడ్ ఎడిషన్ అని ఉంటుంది. వీటన్నింటినీ కలిపి రిఫరెన్స్ కార్డులు అనడం వాడుకలో ఉంది కానీ, ఆ మాటకి ఇంకో అర్థం కూడా ఉంది, అక్కడే కొత్తవాళ్లు తడబడతారు. చిప్పుతో పాటు 'బోర్డు ఇలా చేసుకోండి' అని పార్ట్‌నర్లకి ఇచ్చే నమూనాని రిఫరెన్స్ డిజైన్ అంటారు. తక్కువ ధర పార్ట్‌నర్ కార్డులు చాలావరకు ఆ నమూనా మీదో, దానికి దగ్గరగానో ఉంటాయి. ఆర్‌టీఎక్స్ 30 సిరీస్ నుంచి ఎన్విడియా తన ఫౌండర్స్ కార్డుకి వాడే బోర్డు, పార్ట్‌నర్లకి ఇచ్చే నమూనా బోర్డు వేర్వేరు. కాబట్టి 'రిఫరెన్స్ బోర్డే కదా' అని జొటాక్ చవక కార్డునీ ఫౌండర్స్ ఎడిషన్‌నీ ఒకే గాటన కట్టకూడదు.

ఇంకో సంగతి. ప్రతి చిప్పుకీ కంపెనీ కార్డు ఉండదు. ఆర్‌టీఎక్స్ 5090, 5080, 5070కి ఫౌండర్స్ ఎడిషన్ ఉంది. మధ్యలో ఉన్న 5070 టీఐకి లేదు, 5060కీ లేదు. ఏఎండీ 2025 మార్చిలో తెచ్చిన ఆర్ఎక్స్ 9070 ఎక్స్‌టీకి కంపెనీ కార్డే మార్కెట్లోకి రాలేదు, అన్నీ పార్ట్‌నర్లవే. అంటే మధ్యతరగతి బడ్జెట్లో కార్డు వెతికేవాళ్లలో చాలామందికి ఈ ఎంపిక మొదటికే ఉండదు.

అన్నీ తామే ఎందుకు అమ్మరు?

లాభమంతా తమకే మిగిలేట్టు చిప్పు కంపెనీలే మొత్తం కార్డులు చేసి అమ్ముకోవచ్చు కదా అనిపిస్తుంది. ఒకప్పుడు ఒక కంపెనీ సరిగ్గా అదే చేసింది. 1990ల చివర్లో గేమింగ్ కార్డుల రాజ్యం 3డీఎఫ్ఎక్స్‌ది. వూడూ చిప్పులు దాని సొంతం, వాటితో కార్డులు చేసేది మాత్రం బయటి కంపెనీలు. 1998 డిసెంబర్‌లో 3డీఎఫ్ఎక్స్ ఎస్‌టీబీ అనే కార్డుల తయారీ కంపెనీని కొంటున్నట్టు ప్రకటించింది. వూడూ3 నుంచి కార్డులు తన పేరు మీదే అమ్ముకుంది. అప్పటిదాకా దాని చిప్పుల మీద బతికినవాళ్లు ఎన్విడియా గడప తొక్కారు. రెండేళ్లు తిరిగేసరికి, 2000 డిసెంబర్‌లో, 3డీఎఫ్ఎక్స్ తన ఆస్తుల్ని అదే ఎన్విడియాకి అమ్మేసుకోవడానికి ఒప్పుకుంది. పతనానికి ఆలస్యమైన చిప్పుల్లాంటి కారణాలు వేరే కూడా ఉన్నాయి. అయినా పార్ట్‌నర్లని దూరం చేసుకోవడం దాన్ని గట్టిగానే దెబ్బతీసింది. దేశదేశాల్లో గోడౌన్లు, డీలర్లు, సర్వీస్ సెంటర్లు, రిపేర్లకు వచ్చే కార్డుల గోల అంతా పార్ట్‌నర్లు నెత్తిన పెట్టుకోబట్టే చిప్పు కంపెనీ చిప్పు మీద దృష్టి పెట్టగలుగుతుంది.

కంపెనీ కార్డుకి చాలాకాలం మంచి పేరు లేకపోవడానికి ఇంకో కారణముంది. పాత రిఫరెన్స్ కార్డుల్లో ఒక కొసన ఒకే ఒక్క బ్లోయర్ ఫ్యాన్ ఉండేది. అది గాలిని కార్డు పొడవునా తోసి క్యాబినెట్ వెనక నుంచి బయటికి పంపేది. ఇరుకు క్యాబినెట్లకి పనికొచ్చే పద్ధతే, కానీ చప్పుడు ఎక్కువ. 2013లో ఏఎండీ తెచ్చిన ఆర్9 290ఎక్స్ ఇందుకు పేరుమోసింది. చిప్పు వేడి 95 డిగ్రీల దగ్గర నిలబడేలా కంపెనీయే అమర్చింది, ఫ్యాన్ మాత్రం వాక్యూమ్ క్లీనర్‌లా మోగేది. కొన్నాళ్లకి పార్ట్‌నర్లు అదే చిప్పు మీద పెద్ద హీట్‌సింక్, రెండు మూడు ఫ్యాన్లు పెట్టి అమ్మేసరికి వేడీ తగ్గింది, చప్పుడూ తగ్గింది. 'కంపెనీది వద్దు, పార్ట్‌నర్ కార్డు వచ్చేదాకా ఆగు' అనే సలహాకి అప్పట్లో మంచి బలం చేకూరింది.

ఆ సలహా ఇప్పుడు పాతబడిపోయింది. 2016 మేలో జీటీఎక్స్ 1080తో ఎన్విడియా ఫౌండర్స్ ఎడిషన్ అనే పేరు తెచ్చింది. కార్డు మొదలు ధర 599 డాలర్లు అని చెప్పి, తన సొంత కార్డుకి మాత్రం 699 పెట్టింది. లోపల ఉన్నది అదే పాత బ్లోయర్, కాకపోతే ముస్తాబు ఎక్కువ. అందుకు బాగానే చీవాట్లు తింది. 2018లో ఆర్‌టీఎక్స్ 20 సిరీస్‌తో బ్లోయర్ వదిలేసి రెండు ఫ్యాన్లకి మారింది. 2020లో ఆర్‌టీఎక్స్ 3080కి వచ్చేసరికి బోర్డుని పొట్టిగా చేసి, ఒక ఫ్యాన్ గాలి హీట్‌సింక్ రెక్కల్లోంచి సూటిగా అవతలికి దూసుకుపోయేలా కట్టింది. 2025 జనవరిలో వచ్చిన 5090 ఫౌండర్స్ ఎడిషన్‌లో ఈ ఆలోచన ఇంకా ముదిరింది. 575 వాట్లు తాగే కార్డుని క్యాబినెట్‌లో కార్డులు పట్టే గళ్లు, అంటే స్లాట్లు, రెండింటి మందంలో ఇమిడ్చారు. బోర్డు మధ్యలో చిన్న ముక్కగా ఉంటుంది, అటూ ఇటూ ఉన్న రెండు ఫ్యాన్ల గాలీ ఆరపార పోతుంది, చిప్పు మీద, వేడిని హీట్‌సింక్‌కి చేర్చే మామూలు పేస్టుకి బదులు లిక్విడ్ మెటల్ వాడారు. ఇదే చిప్పుతో పార్ట్‌నర్ల పెద్ద కార్డులు మూడు స్లాట్లు దాటి ఇటుకల్లా ఉంటాయి. ఇంజినీరింగ్ పనితనం చూస్తే మెచ్చుకోకుండా ఉండలేం.

పార్ట్‌నర్లకి దీనివల్ల ఊపిరాడని పరిస్థితి వచ్చింది. చిప్పు అమ్మేవాడే ఎదురు కొట్టు పెట్టి, ధర కూడా తనే నిర్ణయిస్తే పోటీ ఎలా? అమెరికాలో ఎన్విడియా కార్డులకి పెద్ద పేరున్న ఈవీజీఏ 2022 సెప్టెంబర్‌లో గ్రాఫిక్స్ కార్డుల వ్యాపారం నుంచే తప్పుకుంది. ఆదాయంలో సింహభాగం వాటి మీదే వచ్చేది, అయినా వదిలేసుకుంది. విడుదల దాకా ధరలు తెలియనివ్వకపోవడం, ఫౌండర్స్ కార్డులతో ధరలో పోటీ పడాల్సి రావడం లాంటివి ఆ కంపెనీ చెప్పిన ఫిర్యాదులు.

వేగంలో తేడా ఎంత?

కొత్తగా కొనేవాళ్లు ముందు అడిగేది ఇదే, దీనికి జవాబు చిన్నదే. 5070లో 6144 కోర్లు (లెక్కలు చేసే చిన్న భాగాలు), 12 జీబీ మెమరీ ఉంటాయి. ఫౌండర్స్ ఎడిషన్ కొన్నా, రెండు ఫ్యాన్ల జొటాక్ కొన్నా, మూడు ఫ్యాన్ల ఆసుస్ కొన్నా ఈ అంకెలు మారవు. మార్చే హక్కు పార్ట్‌నర్‌కి లేదు. మారేది క్లాక్ స్పీడ్, అంటే చిప్పు పనిచేసే వేగం. ఎన్విడియా ప్రకటించిన బూస్ట్ (లోడ్‌లో అందుకునే పై వేగం) 2512 మెగాహెర్ట్జ్ అయితే, ఓసీ అని రాసి ఉన్న కార్డుల్లో అది 2600 చుట్టూ ఉంటుంది. అంటే 3-4 శాతం. గేమ్‌లో సెకనుకి 100 ఫ్రేములు వచ్చే చోట 103 వస్తే అదే గొప్ప. ఖరీదైన కార్డుల్లోనూ అంతే. ముందు తరం ఆర్‌టీఎక్స్ 4090కి ఎన్విడియా చెప్పిన బూస్ట్ 2520, ఆసుస్ స్ట్రిక్స్ ఓసీలో అది ఓసీ మోడ్‌లో 2640. ఎంతో ఎక్కువ డబ్బు పెట్టి కొన్నా దక్కేది 5 శాతం లోపే. ఆ మాత్రం పెంచుకోవడానికి ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌లు ఉన్నాయి, మామూలు కార్డుని కూడా ఇంట్లోనే అక్కడిదాకా తీసుకెళ్లొచ్చు.

డబ్బు లెక్క ఇక్కడే వేసుకోవాలి. 2025లో ఎన్విడియా మన దేశానికి ప్రకటించిన మొదలు ధరలు 5070కి 59,000 రూపాయలు, 5070 టీఐకి 80,000. తేడా 21,000. ఆ తేడాకి 6144 కోర్లు కాస్తా 8960 అవుతాయి, మెమరీ 12 నుంచి 16 జీబీకి పెరుగుతుంది. చిప్పు మెట్టు ఎక్కడానికి పెట్టిన రూపాయికి పని కనిపిస్తుంది. అదే 5070లో అన్నింటికన్నా ఖరీదైన, రంగురంగుల లైట్లున్న మోడల్‌కి పెట్టిన అదనపు వేలకి వచ్చేది ఆ 3-4 శాతమే. ధరలు వారం వారం మారే మార్కెట్ ఇది, ఈ అంకెలు అలాగే ఉండవు. అయినా ఒక చిప్పులో పై మోడల్ ధర తర్వాతి చిప్పులో కింది మోడల్ ధరకి దగ్గరపడితే, కింది మోడలే కొనాలి. షాపుల్లో ఈ సలహా తక్కువ వినిపిస్తుంది. కౌంటర్ మీద ఏ స్టాక్ ఉంటే దాన్నే పొగుడుతారు, అది వ్యాపారం.

మే నెల మధ్యాహ్నం

కార్డుల మధ్య అసలు తేడా వేడి దగ్గర బయటపడుతుంది. హైదరాబాద్‌లో కొనేవాళ్లు విదేశీ రివ్యూలు చూసి మోసపోయేది కూడా ఇక్కడే.

హీట్‌సింక్, ఫ్యాన్లు కలిసి చేసే పని చిప్పు వేడిని గదిలోని గాలికి అప్పగించడం. గది గాలి ఎన్ని డిగ్రీలు పెరిగితే చిప్పు వేడీ సుమారుగా అన్ని డిగ్రీలు పెరుగుతుంది. రివ్యూ చేసేవాళ్లు ఏసీ ల్యాబులో 22 డిగ్రీల దగ్గర కొలిచి 66 డిగ్రీలు అని చూపిస్తారు. తేడా 44. అదే కార్డు ఏప్రిల్, మే నెలల్లో, బయట 40 దాటి, మేడ మీద గదిలో గాలి 38 దగ్గర ఉన్నప్పుడు, ఫ్యాన్ అదే వేగంతో తిరిగితే 82కి చేరుతుంది. నిజానికి ఫ్యాన్ అదే వేగంతో తిరగదు. చిప్పు వేడెక్కేకొద్దీ గిర్రున తిరిగి దాన్ని కాస్త కిందికి లాగుతుంది, ఆ కష్టమంతా మనకు చప్పుడుగా వినిపిస్తుంది. అందుకే యూట్యూబ్‌లో 'చాలా సైలెంట్' అని చూపించిన కార్డు మల్కాజిగిరిలో ఏసీ లేని గదిలో ఎండాకాలం అంత సైలెంట్‌గా ఉండదు. తక్కువ లోడ్‌లో ఫ్యాన్లు పూర్తిగా ఆగిపోయే సదుపాయం చాలా కార్డుల్లో ఉంది. మన వేసవిలో ఏ పనీ లేకుండానే చిప్పు 50 డిగ్రీల ప్రాంతంలో ఊగిసలాడుతుంది కాబట్టి, ఆ ఫ్యాన్లు కాసేపు తిరిగి కాసేపు ఆగి విసిగిస్తాయి.

ఇప్పుడు కార్డుని దగ్గరగా చూద్దాం. రెండు ఫ్యాన్ల చవక మోడల్‌ని పక్కకి తిప్పి, ఫ్యాన్ల కింద ఉన్న సన్నని అల్యూమినియం రెక్కల్ని గమనిస్తే వాటిలోంచి రాగి గొట్టాలు వెళ్తుంటాయి. వాటినే హీట్ పైపులు అంటారు. ఇవెన్ని ఉన్నాయి, చిప్పుకి తగిలే చోట రాగి పలక ఉందా, వేపర్ ఛాంబర్ (లోపల కాస్త నీరుండే చదును డొల్ల పలక) ఉందా, మెమరీ చిప్పులకీ కరెంటు భాగాలకీ కూడా మెత్తటి థర్మల్ ప్యాడ్లు తగులుతున్నాయా అన్నదాన్ని బట్టే కార్డు తట్టుకుంటుందో లేదో తేలుతుంది. పైనున్న ప్లాస్టిక్ తొడుగుకీ, డబ్బా మీది డ్రాగన్ బొమ్మకీ దానితో సంబంధం లేదు. షాపులో సీల్ తీసి చూడనివ్వరు కాబట్టి, ఆ మోడల్‌ని విప్పి చూపించిన వీడియో ఒకటి చూసుకుని వెళ్లడం ఉత్తమం. మోడల్ పేరు అక్షరం పొల్లుపోకుండా అదే అయ్యుండాలి. ఎంఎస్ఐలో వెంటస్ వేరు, గేమింగ్ ట్రయో వేరు, సుప్రిమ్ వేరు. గిగాబైట్‌లో విండ్‌ఫోర్స్‌కీ ఆరస్‌కీ మధ్య ఉండే తేడా, గిగాబైట్‌కీ జొటాక్‌కీ మధ్య ఉండే తేడా కంటే పెద్దది. 'ఏ బ్రాండ్ మంచిది' అని అడిగేవాళ్లకి సరైన సమాధానం దొరకనిది ఇందుకే.

చిప్పు 250 వాట్ల లోపు ఉంటే, మంచి రెండు ఫ్యాన్ల కార్డు మన ఎండని తట్టుకుంటుంది. 300 వాట్లు దాటాక మూడు ఫ్యాన్లు, లావు హీట్‌సింక్ ఉన్నదానికి కాస్త ఎక్కువ పెట్టడంలో అర్థముంది. కొన్నిళ్లలో క్యాబినెట్‌ని కంప్యూటర్ టేబుల్ కింద చెక్క అరలో, మూడు వైపులా మూసి పెడతారు. అలాంటి చోట ఎంత ఖరీదైన కార్డైనా తన వేడి గాలినే మళ్లీ పీల్చుకుంటుంది. కార్డు మీద పెట్టే ఆ అదనపు డబ్బుకి ముందు క్యాబినెట్‌ని అరలోంచి బయటికి తియ్యడం, ముందువైపు ఒక ఫ్యాన్ బిగించడం ఎక్కువ పని చేస్తాయి. గాలి ఆరపార పోయే ఫౌండర్స్ డిజైన్‌కి ఇది ఇంకా ముఖ్యం. అది వదిలే వేడి గాలి సరాసరి ప్రాసెసర్ వైపు వెళ్తుంది, పైనుంచి బయటికి పోయే దారి ఉండాలి.

కంపెనీ కార్డు అంటే లోపం ఉండదనీ అనుకోకూడదు. 2022 డిసెంబర్‌లో వచ్చిన ఆర్ఎక్స్ 7900 ఎక్స్‌టీఎక్స్‌లో ఏఎండీ సొంత కార్డులు కొన్ని 110 డిగ్రీల దాకా వెళ్లి వేగం తగ్గించుకున్నాయి. వేపర్ ఛాంబర్‌లో ఉండాల్సినంత నీరు లేకపోవడమే కారణమని కంపెనీ ఒప్పుకుంది. సొంత కూలర్లు వాడిన పార్ట్‌నర్ కార్డులకి ఆ బాధ తగల్లేదు. పార్ట్‌నర్ల వైపూ ఇలాంటివి లేకపోలేదు. 2016లో ఈవీజీఏ జీటీఎక్స్ 1080, 1070 కార్డుల్లో కరెంటు భాగాల మీద థర్మల్ ప్యాడ్లు చాలక వేడెక్కితే, ఆ కంపెనీ ప్యాడ్లు ఉచితంగా పంపాల్సి వచ్చింది.

కొలతలు, కరెంటు

కొనేముందు టేప్ పట్టుకుని క్యాబినెట్ లోపల కొలవడం నామోషీ కాదు. 4090 ఫౌండర్స్ ఎడిషన్ పొడవు 304 మిల్లీమీటర్లు, ఆసుస్ స్ట్రిక్స్ 4090 దాదాపు 358. ఐదు సెంటీమీటర్లకి పైగా తేడా అంటే, ముందువైపు ఫ్యాన్లున్న మామూలు క్యాబినెట్లలో పట్టడానికీ పట్టకపోవడానికీ మధ్య ఉన్న తేడా. 5070 ఫౌండర్స్ ఎడిషన్ 242 మిల్లీమీటర్లే, మందం రెండు స్లాట్లు. చిన్న క్యాబినెట్ ఉన్నవాళ్లకి కంపెనీ కార్డు నిజంగా పనికొచ్చేది ఈ ఒక్క చోటే. బరువైన కార్డులు స్లాట్‌లో కిందికి వంగుతాయి, వాటికి కింద చిన్న స్టాండ్ ఆసరా పెట్టుకోవాలి.

కరెంటు విషయానికొస్తే, మదర్‌బోర్డు స్లాట్ నుంచి 75 వాట్లు, ఒక్కో 8 పిన్ కేబుల్ నుంచి 150 వాట్లు అందుతాయి. ఫౌండర్స్ కార్డులు 2020 నుంచి పెద్ద చిప్పులకి 12 పిన్‌తో మొదలై తర్వాత 16 పిన్ కనెక్టర్‌కి మారాయి. 2022 అక్టోబర్‌లో 4090ల 16 పిన్ కనెక్టర్లు కరిగిపోయిన సంఘటనలు బయటికొచ్చాక దాని డిజైన్‌ని సవరించారు. పాత పవర్ సప్లై ఉన్నవాళ్లకి ఈ 16 పిన్ కనెక్టర్ ఆలోచించాల్సిన విషయమే. 9070 ఎక్స్‌టీ పార్ట్‌నర్ కార్డుల్లో చాలావాటికి ఇప్పటికీ మామూలు 8 పిన్ కేబుళ్లే సరిపోతాయి. 5070కి ఎన్విడియా చెప్పే కనీస పవర్ సప్లై 650 వాట్లు. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చిన పేరులేని సప్లై మీద ఈ కార్డు పెట్టకూడదు, ఏ బ్రాండ్ కార్డైనా సరే.

మోసం దాగేది వేరే చోట

కంపెనీదా, పార్ట్‌నర్‌దా అని తల బద్దలుకొట్టుకునే వాళ్లు డబ్బా మీది ఇంకో అంకెని వదిలేస్తుంటారు. ఒకే పేరు కింద వేరే సరుకు అమ్మే అలవాటు చిప్పు కంపెనీలదే. జీటీఎక్స్ 1060లో 6 జీబీ, 3 జీబీ రెండు రకాలుండేవి. తేడా మెమరీలోనే అనుకుంటే పొరపాటు. మొదటిదానిలో 1280 కోర్లు, రెండోదానిలో 1152. ఆర్‌టీఎక్స్ 3060 కూడా 12 జీబీతో పాటు తర్వాత 8 జీబీ రూపంలో వచ్చింది, అందులో చిప్పుకీ మెమరీకీ మధ్య డేటా దారి కూడా ఇరుకైంది. అన్నింటికన్నా దారుణం జీటీ 1030. జీడీడీఆర్5 మెమరీ ఉన్నదానిలో మెమరీ వేగం సెకనుకి 48 జీబీ అయితే, 2018లో అదే పేరుతో తెచ్చిన డీడీఆర్4 రకంలో అది 17 కూడా లేదు. డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉండేది 1030 మాత్రమే, మెమరీ రకం మూలన చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఇప్పుడు 5060 టీఐలో 8, 16 జీబీ రకాలున్నాయి. కొటేషన్ చీటీ మీద ఉత్త '5060 టీఐ' అని రాసి తక్కువ ధర చెబితే ఏది అని అడగాల్సిందే.

సెకండ్ హ్యాండ్‌లో ఇంకో బెడద ఉంది. పాత చిప్పుకి బయోస్ (కార్డు లోపల ఉండే చిన్న ప్రోగ్రామ్) మార్చి కొత్త పేరు చూపించేలా చేసిన నకిలీ కార్డులు తిరుగుతుంటాయి. జీపీయూ-జెడ్ అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్ ఇలాంటి చాలావాటి పేరు ముందు ఫేక్ అని చూపిస్తుంది. డబ్బులిచ్చేముందు అది నడిపించి చూడమంటే నిజాయితీగా అమ్మేవాడికి అభ్యంతరం ఉండదు.

హైదరాబాద్‌లో దొరికేది, అమెరికా నుంచి వచ్చేది

ఫౌండర్స్ ఎడిషన్‌ని సీటీసీ కౌంటర్ల మీద వెతకడం దాదాపు వృథా. మన దేశంలో దాన్ని ఎన్విడియా తరఫున ఆర్‌పీ టెక్ అనే డిస్ట్రిబ్యూటర్ అమ్ముతుంది. కొత్త కార్డులు వచ్చిన మొదట్లో స్టాక్ పెట్టీ పెట్టగానే అయిపోతుంది. అందువల్ల హైదరాబాదీకి కంపెనీ కార్డు గురించిన ఆలోచన సాధారణంగా అమెరికాలో ఉన్న బావ దగ్గరో, అక్క దగ్గరో మొదలవుతుంది. అక్కడ బెస్ట్ బయ్ అనే ఎలక్ట్రానిక్స్ షాపుల్లో 2025లో 5070 మొదలు ధర 549 డాలర్లు. 2025 మార్చి మారకంలో 47-48 వేల రూపాయలు, పైన ఆ రాష్ట్రపు అమ్మకం పన్ను. ఇక్కడి 59,000తో పోలిస్తే పది వేల దాకా మిగిలేట్టు కనిపిస్తుంది. సంక్రాంతికి వచ్చేవాళ్ల సూట్‌కేసులో పెట్టించుకుంటే సరి అనిపిస్తుంది.

మిగిలే ఆ డబ్బుకి బదులుగా వదులుకునేది వారంటీ. కార్డు వారంటీ ఎక్కువగా కొన్న దేశానికే పరిమితం. రెండో ఏడు ఫ్యాన్ మొరాయించినా, తెర మీద గీతలు పడినా, కార్డుని మళ్లీ అమెరికా పంపి, బాగై వచ్చేదాకా కూర్చోవాలి, ఆ పంపే ఖర్చులోనే మిగిల్చుకున్నదాంట్లో చాలా పోతుంది. 5070 స్థాయి కార్డుకి ఇది గిట్టుబాటు బేరం కాదు. రెండు లక్షల పైన పలికే 5090కి ఇక్కడా అక్కడా ధరల తేడా చాలా పెద్దగా ఉన్నప్పుడు కొందరు ఆ రిస్క్ తెలిసే తీసుకుంటారు. అది వేరే లెక్క.

ఇక్కడే పార్ట్‌నర్ కార్డు కొనేవాళ్లకి వేగం, లైట్ల కంటే ముందు అడగాల్సిన ప్రశ్న సర్వీస్ గురించి. మామూలుగా మూడేళ్లు వారంటీ ఇస్తారు, కొన్ని బ్రాండ్లు కొన్న కొద్ది రోజుల్లో ఆన్‌లైన్‌లో రిజిస్టర్ చేసుకుంటే అదనపు ఏళ్లు కలుపుతాయి. ఆ బ్రాండ్ సర్వీస్ సెంటర్ ఊళ్లోనే ఉందా, లేక కార్డుని కొరియర్‌లో వేరే రాష్ట్రానికి పంపాలా? కార్డు వాళ్ల దగ్గర ఎన్ని రోజులుంటుంది? బాగుకాకపోతే ఇచ్చేది కొత్తదా, రిపేర్ చేసిందా? ఆ మోడల్ పాతబడి స్టాక్‌లో లేకపోతే ఏమిస్తారు? రెండు కార్డులు అన్నింటా సమానంగా ఉన్నప్పుడు, ఊళ్లో కౌంటర్ ఉన్న బ్రాండ్‌కి వెయ్యి రెండు వేలు ఎక్కువ పెట్టడం తెలివైన పనే.

బిల్లు దగ్గర మొహమాటం పనికిరాదు. గ్రాఫిక్స్ కార్డుల మీద జీఎస్‌టీ 18 శాతం కాబట్టి 'బిల్లు లేకుండా అయితే తగ్గిస్తా' అనే మాట వినిపించడం సహజం. ఆ తగ్గింపు తీసుకుంటే వారంటీ అడిగే దారి మూసుకుపోతుంది. బిల్లు మీద మోడల్ పూర్తి పేరు, సీరియల్ నంబర్ రెండూ ఉండాలి. ఆ నంబర్ డబ్బా మీది స్టిక్కర్‌తో, కార్డు వెనక అంటించిన స్టిక్కర్‌తో సరిపోతోందా అన్నది కౌంటర్ దగ్గరే చూసుకుని, మూడింటికీ ఫోన్‌లో ఫొటో తీసుకుని బయటికి రావాలి. హీట్‌సింక్ స్క్రూ మీద అంటించిన గుండ్రటి చిన్న స్టిక్కర్‌ని మాత్రం ముట్టుకోకూడదు. పేస్టు మార్చుకుందామని సొంతంగా విప్పి దాన్ని చింపితే కొన్ని బ్రాండ్లు వారంటీ లేదు పొమ్మంటాయి.